రిచ్‌మండ్ నుంచి పారిపోయినవాడు

(రాత్రి భోజనాలయ్యాయి. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో తొమ్మిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్న అబ్బాయి సెలవుకి వచ్చాడు. పిన్ని కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయింది. అమెరికా అంతర్యుద్ధం ఎందుకొచ్చిందన్న మాట దగ్గర ఇద్దరికీ పట్టుదల వచ్చింది.)

అబ్బాయి: బానిసత్వం వల్లే యుద్ధం వచ్చిందని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు పిన్నీ. మా ఊళ్లో పెద్దవాళ్లు కొందరు అలా అనరు. అది రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన పోరాటం అంటారు. దక్షిణాది తెల్లవాళ్లలో బానిసలున్న కుటుంబాలు దాదాపు నాలుగో వంతు. మిగతావాళ్లు ఎవరి ఆస్తి కోసం ప్రాణాలిస్తారు?

పిన్ని: సైనికుడు ఎందుకు పోరాడాడన్నది ఒక ప్రశ్న. రాష్ట్రాలు ఎందుకు విడిపోయాయన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపెయ్యకు. పేద రైతు తన ఊరి కోసమో, పక్కింటివాళ్లు వెళ్లారనో తుపాకి పట్టి ఉండొచ్చు, కాదనను. కానీ విడిపోదామని తీర్మానం చేసినవాళ్లు కారణాలు కాగితం మీద రాసిపెట్టారు. తమ స్థితి బానిస వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని మిసిసిపీ మొదట్లోనే చెప్పింది. సౌత్ కరోలినా ఫిర్యాదేమిటో తెలుసా? పారిపోయిన బానిసల్ని ఉత్తరాది రాష్ట్రాలు పట్టి ఇవ్వడం లేదని! అంటే ఆ రాష్ట్రాలు తమ హక్కు వాడుకుంటున్నాయనే కదా వీళ్ల బాధ?

అబ్బాయి: మరి సుంకాలో? ఉత్తరాది ఫ్యాక్టరీల కోసం దిగుమతి సుంకాలు పెంచి దక్షిణాదిని పిండారు.

పిన్ని: ఆ గొడవ 1832 నాటిది. 1857లో సుంకాలు తగ్గాయి. మళ్లీ పెంచిన చట్టం 1861 మార్చిలో వచ్చింది. అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి.

అబ్బాయి: సరే, సుంకాలు వదిలేస్తాను. కానీ లింకన్ ఏమన్నాడు? బానిసత్వం ఉన్నచోట దాని జోలికి రానన్నాడు. కొత్త భూముల్లోకి పాకకూడదు అన్నాడంతే. అంత చిన్న మాటకి దేశం ముక్కలవుతుందా?

పిన్ని: అది చిన్న మాట కాదురా. అసలు ముడి అక్కడే ఉంది. 1820లో మిస్సోరిని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ని స్వేచ్ఛా రాష్ట్రంగా, అంటే బానిసత్వం లేని రాష్ట్రంగా, చేర్చుకుని సెనేట్‌లో రెండు పక్షాలనూ సమానం చేశారు. మిగతా పడమటి భూమి మీద 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర గీత గీసి, దానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదన్నారు. ఆ తర్వాత మెక్సికోతో యుద్ధం చేసి బోలెడు భూమి తెచ్చుకున్నారు. 1850లో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా వచ్చేసరికి ఆ సమానం కాస్తా పోయింది. 1854లో స్టీఫెన్ డగ్లస్ అనే సెనేటర్ ఆ గీతనే చెరిపేసి, కాన్సస్‌లో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి జనమే ఓటేసి తేల్చుకోవాలన్నాడు.

అబ్బాయి: అందులో తప్పేముంది? ప్రజాస్వామ్యమే కదా.

పిన్ని: ఓటేసింది అక్కడి జనమైతే కదా! 1855 మార్చిలో ఎన్నిక పెట్టారు. లెక్క ప్రకారం ఓటర్లు మూడు వేల లోపు. పడిన ఓట్లు ఆరు వేల పైచిలుకు. పక్కనున్న మిస్సోరి నుంచి తుపాకులతో గుంపులు గుంపులుగా వచ్చి ఓట్లేసి వెళ్లిపోయారు. మన భాషలో రిగ్గింగ్. ఏడాది తిరిగేసరికి ఊళ్లు తగలబెట్టుకున్నారు, మనుషుల్ని ఇళ్లలోంచి లాగి చంపారు. యుద్ధం 1861లో మొదలైందంటాం గానీ, కాన్సస్‌లో అప్పటికే ఐదేళ్లుగా రక్తం కారుతోంది.

అబ్బాయి: మా వర్జీనియా సంగతి చెప్పు. 1861 ఏప్రిల్ మొదట్లో విడిపోవద్దనే ఓటేసింది. సౌత్ కరోలినాలో కేంద్ర సైన్యం ఉన్న సమ్టర్ కోట మీద దక్షిణాదివాళ్లు కాల్పులు జరిపాక లింకన్ 75,000 మంది సైనికుల్ని పిలిచాడు. సాటి రాష్ట్రాల మీదికి దండెత్తమంటేనే వర్జీనియా వెళ్లిపోయింది. దీన్నెలా కాదంటావు?

పిన్ని: కాదనను. నీ మాటల్లో బరువున్నది ఇదే. కానీ తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు అటువైపే ఎందుకు మొగ్గింది? న్యూ ఆర్లీన్స్ తర్వాత మనుషుల్ని అమ్మే అతి పెద్ద బజారు మీ రిచ్‌మండేరా. వర్జీనియా పాత పొగాకు నేలల్లో పుట్టిన పిల్లల్ని అలబామా, మిసిసిపీ పత్తి చేలకి అమ్మేవాళ్లు. కొత్త భూములు తెరుచుకుంటున్నంత కాలం ఆ మనుషుల ధర పడిపోదు. పడమట తలుపు మూస్తామంటే రిచ్‌మండ్‌లో జేబులు ఖాళీ అవుతాయి. అందుకే లింకన్ మాట వాళ్లకి చిన్నది కాలేదు.

అబ్బాయి: అలాగైతే ఉత్తరాదివాళ్లు మాత్రం పత్తి మీద బతకలేదా? మిల్లులు వాళ్లవే, బ్యాంకులు వాళ్లవే.

పిన్ని: బతికారు. కళ్లు మూసుకునే బతికారు. ఆ కళ్లు తెరిపించింది, పారిపోయిన బానిసల్ని పట్టి ఇవ్వాలని దక్షిణాది పట్టుబట్టి తెచ్చుకున్న 1850 చట్టమే. పారిపోయినవాడు దొరికితే కేసు వినే కమిషనర్‌కి, వెనక్కి పంపితే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు. పట్టుబడినవాడికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే వీల్లేదు. ఆంథొనీ బర్న్స్ అని ఇరవై ఏళ్ల కుర్రాడు. మీ రిచ్‌మండ్ నుంచే ఓడలో దాక్కుని బాస్టన్ చేరి, బట్టల కొట్లో పనికి కుదిరాడు. 1854 మేలో పట్టుకున్నారు. జనం కోర్టు మీదికి ఎగబడ్డారు, ఒక కాపలావాడు చనిపోయాడు. జూన్ 2న ఆ ఒక్కణ్ని ఓడ ఎక్కించడానికి వీధికి రెండు వైపులా సైన్యాన్ని నిలబెట్టారు. దారిపొడవునా జనం ఇళ్లకి నల్ల గుడ్డలు కట్టారు. వీధికి అడ్డంగా నల్లటి శవపేటిక వేలాడదీసి దాని మీద ‘స్వేచ్ఛ’ అని రాశారు. ఇప్పుడు చెప్పు, ఆ రోజు మసాచుసెట్స్ రాష్ట్ర హక్కు ఏమైంది? దాన్ని తొక్కమని కేంద్రాన్ని అడిగింది ఎవరు?

(అబ్బాయి కాసేపు మాట్లాడలేదు.)

అబ్బాయి: రిచ్‌మండ్ తీసుకొచ్చాక అతన్ని ఏం చేశారు?

పిన్ని: లంప్కిన్ అనే వ్యాపారి జైల్లో నాలుగు నెలలు ఉంచారు, సంకెళ్లతో. ఆ చోటుని ‘దయ్యం అరెకరం’ అనేవాళ్లు. తర్వాత బాస్టన్‌వాళ్లు చందాలేసుకుని డబ్బు కట్టి విడిపించారు. 2008లో తవ్వితే ఆ జైలు ఆనవాళ్లు బయటపడ్డాయి. మెయిన్ స్ట్రీట్ స్టేషన్ పక్కనే.

అబ్బాయి: వాషింగ్టన్ వెళ్లాలంటే నేను రైలెక్కేది ఆ స్టేషన్‌లోనే పిన్నీ. తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు ఎక్కానో. ఆ పక్కకి ఒక్కసారీ వెళ్లలేదు.