మెడలో లేని బంగారం

తెల్ల చీర, బోసి మెడ, చేతిలో బైబిలు సంచి. ఆదివారం పొద్దున మన ఊళ్లలో అలా నడిచి వెళ్లేవాళ్లను చూస్తే, 'విశ్వాసులు' అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. పెంతెకోస్తు సంఘాల్లో, సువార్తికుడు భక్త్‌సింగ్ హైదరాబాదులో మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాల్లో చాలా చోట్ల బాప్తిస్మంతో పాటే నగలు తీసేస్తారు. స్త్రీలు బంగారంతో, ముత్యాలతో అలంకరించుకోవద్దని పౌలు తిమోతికి రాశాడు కదా, అదే ఆధారం.

అది బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) రెండో అధ్యాయంలో ఉంది. అదే పత్రిక ఆరో అధ్యాయంలో ఇంకో మాట ఉంది: "అన్నవస్త్రములు గలవారమై యుండి వాటితో తృప్తిపొందియుందము." ఇది ఆడవాళ్లకే చెప్పింది కాదు. మరి రెండో అధ్యాయాన్ని అంత కచ్చితంగా పాటించేవాళ్లం, ఆరో అధ్యాయాన్ని చదివి 'ఆమెన్' అని ఎందుకు ఊరుకుంటున్నాం?

పెళ్లి దగ్గర ఈ తేడా బాగా బయటపడుతుంది. నాకు తెలిసిన ఒక సంబంధంలో మగపెళ్లివారు "మేం విశ్వాసులం, బంగారం ముట్టుకోం" అన్నారు. విన్నవాళ్లు ఎంత సంతోషించారో! తీరా ప్రధానం నాటికి, ఆ బంగారం లెక్కకు సరిపడా స్థలం అబ్బాయి పేరున రిజిస్ట్రేషన్ అయిపోయింది. పెళ్లికూతురు మెడలో గొలుసు లేకుండానే వచ్చింది. పాస్టరుగారు, యేసు నీళ్లను ద్రాక్షారసం చేసిన కానా పెళ్లి మీద చక్కటి ప్రసంగం చేశారు.

పాత సంఘాల్లో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయమని. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి చట్టప్రకారం నేరం. అయినా ఆ మూడు ఆదివారాల్లో ఒక్కసారైనా కట్నం గురించి ఎవరైనా లేచి నిలబడగా నేను చూడలేదు. నేనూ లేవలేదు.

సాక్ష్యాల సంగతి వేరే చెప్పాలా? 'దేవుడు దీవించాడు' అంటే 'కొన్నాం' అని అర్థం వచ్చేసింది. కారు వెనక అద్దం మీద 'దేవుని బహుమానం' అని స్టిక్కర్ ఉంటుంది, ఈఎంఐ మాత్రం బ్యాంకుకు కడుతుంటారు. కోత పండుగకు చర్చిలో కానుకలు వేలం వేసేటప్పుడు సొరకాయ వేలల్లో పలికితే డబ్బు సంఘానికే వెళ్తుంది, నిజమే. కానీ పాడినాయన పేరు మైకులో మూడుసార్లు వినపడుతుంది.

అయితే సాదాగా బతకమని చెప్పేముందు ఎవరికి చెబుతున్నామో చూసుకోవాలి. తెలుగు సంఘం ఎక్కువగా మాల మాదిగ వాడల్లోంచి పెరిగింది. పెద్ద కరువు తర్వాత 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెప్పులు వేసుకుని ఊళ్లోకి వెళ్తే దెబ్బలు తిన్న తాతల మనవళ్లు ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్లాబు ఇల్లు కట్టుకుంటే అది దురాశ కాదు. ఆ ఇంటికి గృహప్రవేశ ప్రార్థన పెట్టుకుంటే నాకూ సంతోషమే. ఆ ఇంటి అప్పు తీర్చడానికి కొడుకు పెళ్లి కోసం కాచుకుని కూర్చోవడం దగ్గరే నా పేచీ.

1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్పయిన అజరయ్య, దోర్నకల్ ప్రాంతంలో కటిక పేదలకు కూడా కానుక ఇవ్వడం నేర్పాడు. డబ్బు లేకపోతే ధాన్యం, అదీ లేకపోతే కోడి. పేదవాణ్ణి పుచ్చుకునేవాడిగా మాత్రమే చూడలేదాయన. నిరాడంబరత అంటే నాకు గుర్తొచ్చేది ఇదే. ఒంటి మీద ఏం లేదన్నది కాదు, ఇంట్లోంచి ఏం బయటికి వెళ్లిందన్నది.

మా అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పాత పాలపొడి డబ్బాలో వేసేది. నెలాఖరుకు ఆ డబ్బా చర్చికి పోయేది, ఇంట్లో బియ్యం అప్పు తెచ్చుకున్న నెలల్లో కూడా. చెవులకున్న దుద్దులు మాత్రం చివరిదాకా తీయలేదు.