పెద్ద ఇంజెక్షన్ మొదలైంది సరే, మూడో రోజు ఎవరు చూస్తున్నారు?

హన్మకొండలో ఏ ఆస్పత్రి ఐసీయూ బయట కూర్చున్న వాళ్లను పలకరించినా "పెద్ద యాంటిబయోటిక్ స్టార్ట్ చేసిన్రు" అనే మాట వినిపిస్తుంది. ఆ మాటలో కాస్త భయం, కాస్త ధీమా రెండూ ఉంటాయి. వాళ్లు చెప్పే ఆ పెద్ద మందు చాలాసార్లు పిపరాసిలిన్-టాజోబాక్టం. ఆస్పత్రి భాషలో పిప్‌టాజ్. 4.5 గ్రాముల సీసాలో 4 గ్రాముల పిపరాసిలిన్, అర గ్రాము టాజోబాక్టం ఉంటాయి. ఆరు లేదా ఎనిమిది గంటలకోసారి సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. ముదిరిన న్యుమోనియా, కడుపులో చీము, మూత్రనాళం నుంచి రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్, షుగర్ పేషెంట్ల కాలి పుండు లాంటి వాటిలో ఇది ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది.

ఈ మందును తొందరగా మొదలుపెడుతున్నారన్నది నా ఫిర్యాదు కాదు. మొదలుపెట్టే ముందు కల్చర్‌కు, అంటే ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తేల్చే పరీక్షకు, రక్తం తీయకపోవడం, రెండు మూడు రోజులు గడిచాక మళ్లీ ఆలోచించకపోవడం నన్ను కలవరపెడుతున్నాయి. పేషెంట్ నష్టపోయేది అక్కడ. మందు పదును పోగొట్టుకునేదీ అక్కడే.

ఇందులో రెండు మందులు ఎందుకున్నాయో తెలిస్తే విషయం సగం అర్థమవుతుంది. పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందులు బ్యాక్టీరియా తన గోడ కట్టుకోకుండా అడ్డుపడతాయి. దానికి ఎదురుగా కొన్ని బ్యాక్టీరియా బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ తయారుచేసి, మందులోని కీలకమైన వలయాన్ని తుంచేస్తాయి. ఈ గుణాన్ని శాస్త్రవేత్తలు 1940లోనే, అంటే పెన్సిలిన్ జనం చేతికి రాకముందే, గుర్తించారు. ఆ ఎంజైమ్ కత్తెర అనుకుంటే, టాజోబాక్టం దాని నోట్లో ఇరుక్కునే చెక్కముక్క. తను పెద్దగా క్రిమిని చంపదు. కత్తెరను ఆడనివ్వదు, ఆ సందులో పిపరాసిలిన్ పని చేసుకుపోతుంది.

చిక్కేమిటంటే, అన్ని ఎంజైములూ టాజోబాక్టంకు లొంగవు. 2018లో వెలువడిన మెరినో అనే అంతర్జాతీయ అధ్యయనం దీన్ని గట్టిగా గుర్తుచేసింది. మామూలుగా వాడే సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటిబయోటిక్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా రక్తంలో ఉన్న రోగులు అందులో చేరారు. వాళ్ల క్రిములు ల్యాబ్ పరీక్షలో పిప్‌టాజ్‌కు లొంగుతాయని తేలినవే. అయినా 30 రోజుల్లో పిప్‌టాజ్ తీసుకున్న వాళ్లలో 12.3 శాతం, మెరోపెనెమ్ అనే ఇంకో యాంటిబయోటిక్ తీసుకున్న వాళ్లలో 3.7 శాతం మంది చనిపోయారు. ఆ ల్యాబ్ పరీక్షల కచ్చితత్వం మీద తర్వాత చర్చ జరిగింది, అది న్యాయమైన చర్చే. కానీ అలాంటి ఇన్ఫెక్షన్‌లో పిప్‌టాజ్ మీద నిశ్చింతగా ఉండే రోజులు అంతటితో పోయాయి. మన దేశం సంగతి చూస్తే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో పిప్‌టాజ్‌కు లొంగే ఈ.కోలై 2017లో దాదాపు 57 శాతం ఉంటే 2023 నాటికి 42 శాతం దగ్గరికి పడిపోయింది. అవి ఎక్కువగా పెద్ద ఆస్పత్రుల లెక్కలు కాబట్టి ఊళ్లో మూత్రం మంటతో వచ్చే ప్రతి మనిషికీ వర్తించవు. ఐసీయూలో చేరిన మనిషికి మాత్రం అవి దగ్గరి లెక్కలే.

ఇంకా ఖరీదైనది వాడితే పోదా అని ఇంట్లో వాళ్లు అడుగుతారు. సెఫ్టాజిడిమ్-అవిబాక్టం అలాంటిదే. అయితే న్యూఢిల్లీ పేరుతో ప్రపంచమంతా పిలుస్తున్న ఎన్‌డీఎం ఎంజైమ్ ఉన్న క్రిమి మీద అది ఒంటరిగా పనిచేయదు, ఆజ్‌ట్రియోనామ్ అనే ఇంకో మందు తోడు కావాలి. కాబట్టి ఏ క్రిమి, ఏ ఎంజైమ్ అన్నది తెలియకుండా మందు స్థాయి పెంచుకుంటూ పోతే బిల్లు పెరగడం ఖాయం, జబ్బు తగ్గుతుందన్నది మాత్రం ఖాయం కాదు.

అలాగని రిపోర్ట్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమనడం ప్రాణాంతకం. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌లో బీపీ పడిపోయిన రోగికి గంటలోపే యాంటిబయోటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ క్రిమో తెలియకుండానే మొదటి డోసు వేయక తప్పదు. కల్చర్ బాటిళ్లకు రక్తం తీయడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆ కొన్ని నిమిషాల పని చేస్తేనే మూడో రోజు డాక్టర్ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఉత్తర తెలంగాణలో ఆ ఆధారం చాలాసార్లు వరంగల్ చేరకముందే చెరిగిపోతోంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఊళ్లలో జ్వరం రాగానే మొదటి దిక్కు ఆర్‌ఎంపీ. అక్కడ ఒక సెఫ్‌ట్రియాక్సోన్ సూది, ఒక గ్లూకోజ్. తగ్గకపోతే మండల కేంద్రంలో ఇంకో రెండు రోజులు. అప్పటికి ఊపిరి అందక వరంగల్ ప్రభుత్వాస్పత్రి ఎంజీఎంకో, ప్రైవేట్‌కో అంబులెన్స్‌లో వస్తారు. అప్పుడు రక్తం తీసినా క్రిమి పెరగకపోవచ్చు, అప్పటికే పడిన మందు దాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. రిపోర్ట్‌లో "నో గ్రోత్" అని వస్తుంది. ఇన్ఫెక్షన్ లేదని దాని అర్థం కాదు. డాక్టర్ చీకట్లోనే ఉన్నాడని అర్థం. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. రాత్రి పదకొండింటికి తలుపు తడితే పలికేది వాళ్లే. వాళ్లు సూదిని తర్వాతకు పెట్టి, ముందు రోగిని పీహెచ్‌సీకి పంపేలా చేయడం ప్రభుత్వం పని.

మరో సంగతి, వానాకాలం జ్వరాలు. డెంగీ వైరస్ జబ్బు, దానికి పిప్‌టాజ్‌తో సంబంధం లేదు. స్క్రబ్ టైఫస్‌ను కలిగించేది బ్యాక్టీరియానే అయినా పెన్సిలిన్ తరహా మందులేవీ దానికి పనిచేయవు, డాక్సీసైక్లిన్ కావాలి. పొలాల్లో, పొదల్లో తిరిగే మనిషికి జ్వరంతో పాటు ఆయాసం వస్తే చంకల్లో, గజ్జల్లో ఈ జబ్బును అంటించే చిన్న పురుగు కుట్టిన నల్లటి మచ్చ ఉందేమో బట్టలు తొలగించి వెతకాలి. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఇస్తే, ఏదో ఒక్కటి ఇచ్చినదానికన్నా మేలని మన దేశపు ఆస్పత్రుల్లోనే జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. అదీ ఒక జోడీ మందే. జబ్బును గుర్తించాక ఎంచుకున్న జోడీ.

మూడో రోజుకు వద్దాం. కల్చర్‌లో మామూలు మందుకు లొంగే క్రిమి వస్తే పిప్‌టాజ్ ఆపి ఆ మందుకు దిగాలి. లొంగనిది వస్తే వెంటనే మార్చాలి. ఇన్ఫెక్షనే కాదని తేలితే ఆపేయాలి. ఈ మూడింట్లో దిగడం, ఆపడం మన దగ్గర చాలా కష్టంగా జరుగుతున్నాయి. "పైసలు అయిపోయినయని తక్కువ మందు ఇస్తున్నరా సార్?" అని అటెండెంట్లు టెన్షన్ పడతారు. గొడవ ఎందుకని డాక్టర్ పద్నాలుగు రోజులూ అదే నడిపిస్తాడు. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న చాలామందికి 14 రోజుల బదులు 7 రోజుల మందు సరిపోతుందని 2024లో బ్యాలెన్స్ అధ్యయనం చూపించింది. స్టాఫ్ ఆరియస్ లాంటి కొన్ని క్రిములకు, గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌కు అది వర్తించదు. మిగతా వాళ్లకు అనవసరమైన వారం అంటే ఇంకో వారం బెడ్ చార్జీ, ఇంకో వారం క్యాన్యులా, విరేచనాల ముప్పు.

ఇవన్నీ సవ్యంగా జరిగినా డోసు టైముకు పడకపోతే ఫలితం రాదు. పిపరాసిలిన్ రక్తంలో ఎంతసేపు తగిన మోతాదులో నిలిచిందన్నదే దాని బలం. అందుకే చాలాచోట్ల ఒక్కో డోసును నాలుగు గంటల పాటు మెల్లగా ఎక్కిస్తారు. వార్డులో రాత్రంతా చాలా బెడ్లకు ఒక్క స్టాఫ్ నర్సే ఉంటే రెండింటి డోసు నాలుగింటికి పడుతుంది. కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లకు మోతాదు తగ్గించాలి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎప్పటికప్పుడు చూడాలి. నర్సుల ఖాళీలు నింపడం కూడా యాంటిబయోటిక్ విధానంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

వరంగల్ ప్రాంతానికి ఇప్పుడు మంచి అవకాశం ఉంది. 1959 నుంచి కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. 2022 నుంచి మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే మైక్రోబయాలజీ విభాగం ఉండి తీరాలి. రోగిని వరంగల్‌కు రిఫర్ చేసేముందే అక్కడ కల్చర్‌కు రక్తం తీయొచ్చు. ఈ కాలేజీలన్నింటి ఫలితాలు కలిపి, మన జిల్లాల్లో ఏ క్రిమి ఏ మందుకు లొంగుతోందో ఆరు నెలలకోసారి బయటపెట్టొచ్చు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది, ఆ పని దానికే అప్పగించొచ్చు. ఢిల్లీ, వేలూరు లెక్కలు చూసి ఏటూరునాగారం రోగికి మందు ఎంచుకునే అవసరం అప్పుడు తగ్గుతుంది.

రిపోర్ట్ రోగి వెంట రావడం కూడా ముఖ్యమే. ములుగులో తీసిన రక్తం ఫలితం రెండు మూడు రోజులకు ములుగుకే వస్తుంది, రోగి అప్పటికి వరంగల్‌లో ఏదో ఒక బెడ్ మీద ఉంటాడు. కల్చర్ ఫారం మీద అటెండెంట్ ఫోన్ నంబర్, రోగిని ఏ ఆస్పత్రికి పంపుతున్నారో దాని పేరు తప్పకుండా రాయించి, ల్యాబ్ నుంచే ఆ రెండు చోట్లకూ ఫోన్ చేయాలన్న నియమం పెడితే చాలు. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, కొత్త మెషీన్ కూడా అక్కర్లేదు.