నిల్ ఈసీ వచ్చినంత మాత్రాన భూమికి చిక్కుల్లేనట్టు కాదు

పొలమో ప్లాటో కొనబోయేవాళ్ల ఫోన్లలో చాలాకాలంగా ఒక మెసేజ్ తిరుగుతోంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే: "ఐదు నిమిషాల పని. ఫోన్‌లో ఈసీ తీయండి, నిల్ వస్తే భూమి క్లియర్. పాస్‌బుక్కులో పేరుంటే ఓనర్ ఆయనే. కేసులుంటే ఈకోర్ట్స్‌లో పేరు కొట్టగానే బయటపడతాయి. పాత దస్తావేజు నకలు ఓనర్‌కి తప్ప ఇవ్వరు. ఎవరైనా ఇవ్వనంటే ఆర్టీఐ పడేయండి, 30 రోజుల్లో ఏ కాగితమైనా చేతికొస్తుంది." ఒక్క నకలు మాట తప్పిస్తే ప్రతి వాక్యంలోనూ పిసరంత నిజం ఉంది. జనం నమ్మేది ఆ పిసరు చూసే. ఒక్కోటీ చూద్దాం. ఈసీ అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఒక ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా. నిల్ అంటే అందులో ఏదీ దొరకలేదని.

"ఈసీ నిల్ వస్తే భూమి క్లియర్"

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులన్నీ ఒకే పుస్తకంలో ఉండవు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 51వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలోకి, వీలునామాలు 3వ పుస్తకంలోకి, మామూలు జీపీఏ (తన తరఫున పనిచేసేందుకు వేరొకరికి ఇచ్చే అధికార పత్రం) లాంటివి 4వ పుస్తకంలోకి పోతాయి. ఈసీ వెతికేది 1వ పుస్తకాన్నే. అందుకే తాత రిజిస్టర్ చేయించిన వీలునామా కూడా ఈసీలో కనబడదు. రిజిస్టర్ కాని అగ్రిమెంటు, నోటిమాట పంపకం, తండ్రి పోయాక పిల్లలకు సంక్రమించిన వాటాలు, నడుస్తున్న దావా, ఇవేవీ అందులో ఉండవు. కోర్టు అటాచ్‌మెంట్ (జప్తు) ఉత్తర్వు సబ్‌రిజిస్ట్రార్‌కు చేరితే నమోదవుతుంది, చేరకపోతే లేదు.

అప్పుల సంగతీ అంతే. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకునే తాకట్టు, అంటే ఆస్తి బదిలీ చట్టం 58(ఎఫ్) చెప్పే రకం, రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుంది. కాగితాలు తాకట్టు పెట్టినట్టు రాసుకునే మెమొరాండాన్ని రిజిస్టర్ చేయిస్తేనే ఈసీకి ఎక్కుతుంది. ఇలాంటి తాకట్టుల కోసం 2011 నుంచి సెర్సాయి అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, కొద్ది రుసుము కట్టి ఎవరైనా అందులో వెతకొచ్చు. ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టిన కాగితాలు అక్కడా ఉండవు. అమ్మేవాళ్లు ఎంతసేపూ జిరాక్సులే చూపిస్తుంటే ఒరిజినల్ ఎక్కడుందని అడగాల్సింది అందుకే.

అసలు తిరకాసు "నిల్" అనే మాటలో ఉంది. లావాదేవీలు దొరికితే ఫారం 15, దొరక్కపోతే ఫారం 16 ఇస్తారు. ఆ ఫారం కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివేవాళ్లు తక్కువ: దరఖాస్తులో ఆస్తిని వర్ణించిన తీరు వేరు, దస్తావేజులో వర్ణించిన తీరు వేరు అయితే ఆ దస్తావేజు ఈ సర్టిఫికెట్‌లో రాదు అని దాని భావం. అంటే నిల్ అన్నది మీరు ఇచ్చిన వివరాలకు వచ్చిన జవాబు, భూమి గురించి ఇచ్చిన తీర్పు కాదు.

ఉదాహరణకు సర్వే నంబరు 214/2 అనుకుందాం. ఒకప్పుడు అమ్మినప్పుడు "214 పార్టు" అని రాసి ఉంటారు. తర్వాత సబ్‌డివిజన్ అయి 214/2ఎ, 214/2బి అయ్యాయి. మధ్యలో ఎవరో లేఅవుట్ వేసి సర్వే నంబరు సరిగా ఎక్కించకుండా "ప్లాటు నంబరు 37" అని రిజిస్టర్ చేయించారు. ఇల్లు కట్టాక ఇంటి నంబరు పడింది, మున్సిపాలిటీ దాన్నీ ఒకసారి మార్చింది. ఇప్పుడు మీరు 214/2ఎ ఒక్కటే కొడితే మిగతావి జారిపోతాయి.

కాబట్టి వెతుకులాట ఇలా సాగాలి. మొదట అమ్మేవాళ్ల దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పేరుతో. తర్వాత మూల సర్వే నంబరుతో, దాని ప్రతి సబ్‌డివిజన్‌తో. ఆపైన ప్లాటు నంబరు, పాత కొత్త ఇంటి నంబర్లతో. చివర ఆఫీసులో పేర్ల సూచికలో అమ్మేవారి పేరు, వాళ్ల తండ్రి పేరు మీద. వచ్చిన ప్రతి ఎంట్రీలో నాలుగు హద్దులు పోల్చి చూడాలి. నంబర్లు మారినా తూర్పున చెరువు కట్ట తూర్పునే ఉంటుంది.

కాలం లెక్క మరో చిక్కు. ఆన్‌లైన్‌లో దొరికేది సుమారుగా 1983 నుంచే. అంతకుముందువి ఆఫీసులో చేత్తో వెతికించుకోవాలి. కొత్త సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పెట్టినప్పుడు పాత పుస్తకాలు సాధారణంగా పాత ఆఫీసులోనే ఉండిపోతాయి, రెండు చోట్లా అడగాలి. తెలంగాణలో ఇంకో మెలిక: 2020 నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గరికి మారింది. కనుక పొలానికి ఆ తేదీ దాకా రిజిస్ట్రేషన్ శాఖ ఈసీ, ఆ తర్వాత రెవెన్యూ పోర్టల్ ధరణిలో, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భూభారతిలో ఈసీ, రెండూ తీస్తేనే పూర్తి ఈసీ అవుతుంది. మధ్యలో నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, అయి ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ శాఖ ఈసీకి రావాలి. ఇక ఫోన్‌లో దిగిన సంతకం లేని కాగితం చూసుకోవడానికి పనికొస్తుంది. బ్యాంకుకైనా కోర్టుకైనా సంతకం ఉన్న సర్టిఫికెట్ కావాలి.

"పాస్‌బుక్కులో పేరుంటే ఓనర్ ఆయనే"

మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, హక్కును పుట్టించదు, ఉన్న హక్కును చంపదు అని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. రెవెన్యూ రికార్డులో పేరు ప్రధానంగా శిస్తు ఎవరు కట్టాలన్నదానికి గుర్తు. పాస్‌బుక్కు వద్దని కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

తెలంగాణలో ఆ దారి సేత్వార్ అనే తొలి సర్వే రికార్డు, 1954-55 ఖాస్రా పహాణీల దగ్గర మొదలవుతుంది. పహాణీ అంటే భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి సాగులో ఉంది అని రాసే గ్రామ రికార్డు. అక్కడినుంచి ఏడాదివారీ పహాణీల్లో పట్టాదారు కాలమ్, అనుభవదారు కాలమ్ రెండూ చదవాలి. పేరు మారిన ఏడాది ఏ ఉత్తర్వుతో మారిందో రిమార్కుల్లో వెతకాలి. ధరణిలో అనుభవదారు కాలమే లేదు, అందుకే పాత పహాణీల నకళ్లు తప్పనిసరి. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), డైగ్లాట్ అని పిలిచేది, మొదటి మెట్టు. ఒకప్పటి జమీందారీ ఎస్టేటు గ్రామాలైతే ఆ ఎస్టేట్లను రద్దుచేసిన 1948 చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట వరసగా చుక్కలు ఉంటే ఆగిపోండి. చుక్కల భూముల గొడవంతా ఆ గడి దగ్గరే పుట్టింది, 2017లో దానికోసం ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. రీసర్వే అయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీ (ల్యాండ్ పార్శిల్) నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్తది ఏదో తేల్చుకోకుండా 1-బి (పట్టాదారు భూముల రికార్డు) తీస్తే పక్కవాళ్ల పొలం కాగితం చేతికొస్తుంది.

రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద రిజిస్ట్రేషన్ కుదరని భూముల నిషేధిత జాబితా, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల మీది 1977 అసైన్డ్ భూముల చట్టం కూడా చూడాలి. పాస్‌బుక్కు ఉండీ అమ్మడానికి వీల్లేని భూములు బోలెడు.

"ఈకోర్ట్స్‌లో పేరు కొడితే కేసులన్నీ బయటపడతాయి"

కోర్టు కేసుల వివరాలు చూపే ప్రభుత్వ వెబ్‌సైటు ఈకోర్ట్స్ మంచి సాధనమే. కాకపోతే అందులో సర్వే నంబరుతో వెతికే వీలు లేదు. పార్టీ పేరు, కేసు నంబరు, ఫైలింగ్ నంబరు, అడ్వొకేటు పేరు లాంటివే దారులు. పేరుతో వెతకాలంటే కోర్టు కాంప్లెక్సు ఎంచుకుని, ఏడాది ఇచ్చి, పెండింగ్, డిస్పోజ్డ్ రెండూ చూడాలి. పేర్లు ఎక్కించేది ఇంగ్లిషు స్పెల్లింగుతో. వెంకటేశ్వర్లును నాలుగు రకాలుగా రాస్తారు, ఇంటిపేరు ముందొస్తుందో వెనకొస్తుందో చెప్పలేం. పూర్తి పేరు కొట్టకుండా "వెంకట" దాకా ఆపి, ఏడాది తర్వాత ఏడాది తిప్పుకుంటూ పోవాలి. అమ్మేవారి పేరొక్కటే కాదు, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పేర్లతో కూడా. ఆర్డీవో దగ్గర అప్పీళ్లు, జాయింట్ కలెక్టర్ దగ్గర రివిజన్లు ఇక్కడ రావు. హైకోర్టుకు, బ్యాంకు బాకీల కేసులు చూసే డీఆర్‌టీకి వేరే సైట్లు.

దొరికిన కేసు పక్కన "డిస్పోజ్డ్" అని ఉంటే గండం గడిచిందనుకోవడం మరో పొరపాటు. పంపకాల దావాలో ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ రాగానే ఓ.ఎస్. (అసలు దావా) డిస్పోజ్డ్ అని పడొచ్చు. వాటాలు కొలిచి ఇచ్చే ఫైనల్ డిక్రీ పిటిషన్ ఐ.ఏ.గా, అంటే అదే దావాలో అనుబంధ దరఖాస్తుగా, ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం దావా వేసిన రోజు నుంచి డిక్రీ పూర్తిగా అమలయ్యేదాకా వ్యాజ్యం నడుస్తున్నట్టే. ఆ మధ్యలో కొన్నవారిని ఆ తీర్పు కట్టేస్తుంది, "నాకు తెలీదు" అంటే నడవదు.

అందుకే కేసు కనబడితే ప్లెయింటు (దావా పత్రం), ఆస్తి వివరాలుండే దాని షెడ్యూలు, తీర్పు, డిక్రీల సర్టిఫైడ్ కాపీలు తీయించాలి. భూమి ఏదో తేలేది షెడ్యూల్లోనే. కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో కోర్టు ఫీజు స్టాంపుతో కాపీ అప్లికేషన్ వేయాలి. కేసు నంబరు, పార్టీలు, తీర్పు తేదీ, ఏ కాగితాలు కావాలో విడివిడిగా రాయాలి. కేసులో పార్టీ కాకపోతే ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ పెట్టి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. చాలా దరఖాస్తులు పోయేది ఆ తర్వాత మెట్టులో: ఎంత కట్టాలో నోటీసు బోర్డులో పెడతారు, గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. ఫోన్ చేసి ఎవరూ చెప్పరు. పాత కేసుల్లో ఎగ్జిబిట్లు (సాక్ష్యంగా పెట్టిన కాగితాలు) పార్టీలు వెనక్కి తీసుకుపోయి ఉండొచ్చు. ముందు తీర్పు, డిక్రీలే అడగండి.

కాపీ మీద వరసగా తేదీలుంటాయి: దరఖాస్తు వేసినది, చార్జీలు కోరినది, కట్టినది, కాపీ సిద్ధమైనది, ఇచ్చినది. అప్పీలు గడువులోంచి కాపీకి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద తీసేస్తారు. కానీ ఆ లెక్క సిద్ధమైన తేదీతో ఆగిపోతుంది. సిద్ధమయ్యాక పది రోజులు తీరిగ్గా వెళ్లి తెచ్చుకుంటే ఆ పది రోజులూ మీ ఖాతాలోనే.

"దస్తావేజు నకలు ఓనర్‌కే ఇస్తారు"

ఇది పూర్తిగా తప్పు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం 1వ పుస్తకంలో ఉన్నదాని నకలు రుసుము కట్టిన ఎవరికైనా ఇవ్వాలి. దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు చాలు. ఆ సర్టిఫైడ్ కాపీ ఒరిజినల్‌లో ఏముందో చూపడానికి సాక్ష్యంగా చెల్లుతుందని అదే సెక్షన్ చెబుతుంది. ఆంక్షలున్నది మిగతా పుస్తకాలకు: వీలునామా నకలు రాసినవారు బతికుండగా వారికో వారి ఏజెంటుకో మాత్రమే, పోయాక అడిగినవారికి. 4వ పుస్తకంలోవి సంబంధిత పార్టీలకు, వారి ప్రతినిధులకు.

"ఆర్టీఐ పెడితే ఏ కాగితమైనా వస్తుంది"

కోర్టు ఫైళ్ల విషయంలో ఈ దారి మూసుకుపోయి చాలాకాలమైంది. కోర్టు కాగితాల నకళ్లు హైకోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలి, ఆర్టీఐ కింద కాదు అని 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 30 రోజులన్నది జవాబుకు గడువు, కాగితానికి గ్యారంటీ కాదు. ఆఫీసులో లేని రికార్డును తయారుచేసి ఇవ్వాల్సిన పని అధికారికి లేదు.

ఆర్టీఐ బాగా పనికొచ్చేది నకళ్ల కౌంటరులో దొరకని వాటికి: మ్యుటేషన్ ఫైలులో నోట్ పేజీలు, అసైన్‌మెంట్ రిజిస్టరులో ఫలానా సర్వే నంబరు ఎంట్రీ, 22-ఎ జాబితాలో ఏ క్లాజు కింద, ఏ లేఖ ఆధారంగా చేర్చారన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో పెట్టిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. "ఈ భూమి ఎవరిది", "ఎందుకు మార్చారు" అని అడిగితే జవాబు రాదు. గ్రామం, సర్వే నంబరు, రిజిస్టరు పేరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అని అడగాలి. తప్పు ఆఫీసుకు పెట్టినా ఆర్టీఐ చట్టం 6(3) కింద వాళ్లే 5 రోజుల్లో సరైనచోటికి పంపాలి. జవాబు రాకపోయినా నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు. "రికార్డు లభ్యం కాలేదు" అని రాతపూర్వకంగా వస్తే ఆ కాగితాన్ని పారేయకండి. అదే పహాణీ కోసం ఆర్డీవో ఆఫీసులోనో కలెక్టరేట్ రికార్డు రూములోనో అడిగేటప్పుడు దరఖాస్తుకు జతచేయాల్సింది దాన్నే.