చెప్తే చేస్తానన్న మాటే పెద్ద బరువు

ఆమదాలవలస దగ్గర పల్లెలో ఉంటుంది మా అప్ప, పెద్దమ్మ కూతురు. బావది హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. సంక్రాంతికోసారి, ఊళ్లో అమ్మవారి సంబరానికోసారి వస్తాడు. మూడు నెలల కిందట ఓ శనివారం నేను వెళ్లేసరికి అప్ప అరుగు మీద కూర్చుని ఫోన్ వంక చూస్తోంది. లోపల్నుంచి పప్పు మాడిన వాసన. "ఏటయింది అప్పా?" అంటే, "ఏటీ లేదు. ఏ పని ముందు చెయ్యాలో తెలీక ఇలా కూకున్నాను" అంది.

అత్తగారి బీపీ మాత్రలు అయిపోయాయి. డ్వాక్రా వాయిదా దగ్గరపడింది. పిల్లాడి ఇంటర్ ఫీజు కట్టాలి. ఏదో దరఖాస్తుకి ఓటీపీ కావాలన్నారు, ఆధార్‌కి ముడిపెట్టిన నంబరేమో బావది. ఆయన స్లాబు మీద ఉంటే ఫోన్ ఎత్తడు. ఎత్తి చెప్పేసరికి గడువు దాటిపోతుంది, మళ్లీ మొదటికి. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న పనులే. అందుకే ఆమె ఎందుకు అలిసిపోతోందో ఇంట్లోవాళ్లకి అంతుపట్టదు.

"మీ నాయనమ్మ నూతిలో నీళ్లు తోడి, చోళ్లు (రాగులు) విసిరి, అంతమంది పిల్లల్ని పెంచలేదా? అప్పుడు లేని టెన్షన్ ఇప్పుడెక్కడిది?" అని ఎవరో ఒకరు అనక మానరు. నాయనమ్మకి కష్టం లేదని నేననను, అరవై దాటకుండానే నడుం వంగిపోయింది. కానీ చోళ్లు విసరడం మొదలెడితే పొద్దువాలేలోపు అయిపోయేది. పిండి కళ్లముందు కనబడేది, తిరగలికి అటువైపు ఇంకో మనిషి ఉండేది. ఇవాళ్టి పనులు అలా తెమలవు. "సర్వర్ లేదు, రేపు రండి" అంటారు. రేపు వెళ్తే ఇంకో కాగితం తెమ్మంటారు. సగంలో ఆగిన పని బుర్రలో చేరి సొద పెడుతూనే ఉంటుంది.

మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ సొద గురించి ఓ సంగతి తేలింది. అది తగ్గడానికి పని పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ఖాయం చేసుకుంటే మనసు దాన్ని చాలావరకు పక్కన పెట్టేస్తుంది. మాత్రలు సోమవారం సంతకి వెళ్లినప్పుడు తేవాలి అని రాసి పెట్టుకుంటే ఆదివారం నిద్ర పడుతుంది. "సర్వర్ లేదు" అన్న పనికి ఆ సుఖం కూడా లేదు, ఎప్పుడవుతుందో చెప్పేవాడే ఉండడు.

డబ్బు ఇరుకు దీనికి తోడైతే ఇంకా కష్టం. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. కోతకి ముందు, చేతిలో చిల్లిగవ్వ ఆడనప్పుడు ఒకసారి, పంట డబ్బు వచ్చాక ఒకసారి అదే రైతులకి ఆలోచనా పరీక్షలు పెట్టారు. కోతకి ముందు బాగా వెనకబడ్డారు. రైతులు వాళ్లే, తెలివీ అదే. బుర్రలో చోటే చాల్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేశాక, తెలిసినవాళ్ల పరిహారం కాగితాలు నింపిపెట్టాను. ఖాతా నంబరు ఒకటికి రెండుసార్లు తప్పు చెప్పిన పెద్దాయన మీద విసుక్కున్నాను. ఈ అధ్యయనం చదివిన రోజు ఆయనే గుర్తొచ్చాడు.

అప్ప వంటింటి గోడకి తెలుగు క్యాలెండర్ వేలాడుతుంది, పక్కన దారంతో కట్టిన పెన్సిల్. పాలు రాని రోజుకి సున్నా, గ్యాస్ బండ మార్చిన రోజుకి 'గ్యా', కూలీలకిచ్చిన అడ్వాన్సు గడి మూలన చిన్న అంకెల్లో. మంచినీళ్లకని లోపలికొచ్చిన ప్రతివాళ్ల కంటా పడేవి. ఆ శనివారం చూస్తే ఏ గడిలోనూ గీత లేదు. స్కూలు గ్రూపు, సంఘం గ్రూపు, బ్యాంకు మెసేజీలు అన్నీ ఫోన్లోకి పోయాయి, ఆ ఫోనుండేది ఒక్కరి చేతిలో. ఇంటి పద్దు గోడ దిగి ఒక మనిషి బుర్రలోకి ఎక్కింది. అసలు చిక్కు ఇదేనని నా అభిప్రాయం.

2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, ఇంటిపని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. వండటం, తోమటం లెక్కకొస్తాయి. మాత్రలు ఎన్ని మిగిలాయో వండుతూ గుర్తుపెట్టుకోవడం ఏ నిమిషంలో వేస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 'బర్నౌట్' (పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడం) అన్న మాటని ఉద్యోగానికే పరిమితం చేసింది. ఆ లెక్కన మా అప్పకి అలిసిపోయే అర్హత కూడా లేదు. ఇక వీడియోలవాళ్లు తెల్లారి ఐదింటికి లేచి ధ్యానం చెయ్యమంటారు. అప్ప లేచేదే నాలుగున్నరకి.

"చెప్తే చేస్తాను కదా!" అంటాడు కొడుకు. బావదీ ఫోన్లో అదే మాట. మంచి మనసుతోనే అంటారు. కానీ చెప్పాలంటే ముందు గుర్తుండాలి, సమయం చూసి చెప్పాలి, అయిందో లేదో మళ్లీ అడగాలి. చేసే చెయ్యి మారింది, మోసే బుర్ర మారలేదు. ఇవ్వాల్సింది ఒక వ్యవహారాన్ని మొత్తంగా, దాని తారీకుతో, మర్చిపోతే పడే చివాట్లతో సహా.

అన్నిటినీ ఇలా పంచలేం. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునే మనిషి ఉన్న ఇంటికి వెళ్లి క్యాలెండర్ గురించి మాట్లాడితే నవ్వుతారు. వారానికి రెండు మూడుసార్లు, మంచం మీదే దాదాపు నాలుగు గంటలు, వెంట వెళ్లినవాళ్లకి ఆ రోజు కూలి పోయినట్టే. అక్కడ కావాల్సింది బండి, డబ్బు, ఇంకో మనిషి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, అన్నం సయించకపోయినా, బతుకు మీదే విరక్తి పుట్టినా అది అలసట దాటిన సంగతి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ శనివారం రాత్రి ఫోన్లో గట్టిగా మాట్లాడుకున్నాక డ్వాక్రా వాయిదా బావ తీసుకున్నాడు, అక్కణ్నుంచే సంఘం లీడర్‌కి పంపేట్టు. మొదటి నెల పంపాడు. రెండో నెల మర్చిపోయాడు. అప్పకి గుర్తుంది, అయినా నోరు మెదపలేదు. "ఒకపాలి తగలనీ" అంది నాతో. సంఘంలో యాభై రూపాయల జరిమానా పడింది, నలుగురిలో మాటా పడింది. మూడో నెల ఎలా ఉందని అడిగితే, కట్టేసుంటాడంది. తారీకు ఎప్పుడో తనకి గుర్తులేదట.