కలెక్టర్ వేషం సరే, అర్జీ రాయడం ఎప్పుడు నేర్పుదాం?

స్వపరిపాలన దినోత్సవం అంటే ఏమిటో తెలుగు బడుల్లో చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకుని, మగపిల్లలు అన్న ప్యాంటు వేసుకుని, చొక్కా టక్ చేసుకుని వస్తారు. ఆ ఒక్కరోజు బడిని నడిపేది వాళ్లే. ఒకరు హెచ్‌ఎం, ఒకరు ఎంఈఓ (మండల విద్యాధికారి), ఇంకొకరు డీఈఓ (జిల్లా విద్యాధికారి). భయం లేకుండా మాట్లాడే పిల్లకో పిల్లాడికో కలెక్టర్ పాత్ర. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కలెక్టర్ని అయ్యాను. క్లాసులన్నీ తిరిగి "బాగా చదువుతున్నారా?" అని అడిగాను, నోట్సుల మీద సంతకాలు పెట్టాను, సాయంత్రం బహుమతి తీసుకున్నాను. ఆ నెలంతా మా బడిలో బోరు పాడైపోయి ఉంది. తాగేనీళ్ల కోసం మేం రోడ్డు దాటి వెళ్లేవాళ్లం. కలెక్టర్ కుర్చీలో కూర్చున్న ఆ రోజు బోరు సంగతి నాకు గుర్తే రాలేదు. దాన్ని ఎవరు బాగుచేయించాలో, వాళ్లని ఏమని అడగాలో మా క్లాసులో ఒక్కరికీ తెలియదు.

ఆ పండుగ వద్దని నేననను. చాలామంది పిల్లలకి పదిమందిలో నోరు విప్పే ధైర్యం మొదట వచ్చేది ఆ రోజే. కానీ పౌరశిక్షణ పేరుతో మనం చేసేది చాలావరకు ఇక్కడే ఆగిపోతోంది. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966 నుంచి బడుల్లో యువ పార్లమెంటు పోటీలు నడుపుతోంది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిగింది. పిల్లలు స్పీకర్‌గా, ముఖ్యమంత్రిగా, ప్రతిపక్ష నాయకులుగా ఎంతో బాగా మాట్లాడతారు. చూస్తే ముచ్చటేస్తుంది. అయితే వాళ్లలో ఎమ్మెల్యేలు అయ్యేది ఏ ఒకరిద్దరో. రేషన్ కార్డుకో, కుల ధ్రువీకరణ పత్రానికో, వీధి దీపానికో ఆఫీసు మెట్లెక్కాల్సింది మాత్రం అందరూ. ఆ మెట్ల దగ్గర ఏం చేయాలన్నది ఏ పోటీలోనూ లేదు.

నాయకత్వం మాటకొస్తే బడిలో ఎస్పీఎల్, అంటే స్కూలు పిల్లలందరికీ లీడరు, ఉంటాడు. ఎలా వచ్చాడు? చాలాచోట్ల ఫస్ట్ ర్యాంకు పిల్లవాడినో, గట్టి గొంతు ఉన్న పిల్లనో సార్లు పిలిచి నువ్వేనంటారు. ఉదయం అసెంబ్లీలో 'అటెన్షన్' చెప్పడం, ప్రతిజ్ఞ చదివించడం, సార్ రాకముందు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం అతని పని. ఆ ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో తెలుగులో రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. దేశమంతా రోజూ చదివే మాటలు మన భాషలో పుట్టాయని పిల్లలకి చెప్పే బడులు ఎన్ని ఉన్నాయో! అసలు విషయం ఎస్పీఎల్‌ది. పైవాళ్ల మాట కిందివాళ్లకి చేరవేయడమే నాయకత్వమని వాడు నేర్చుకుంటున్నాడు. ఆరో తరగతి పిల్లల బాత్రూముకి తలుపు లేదన్న మాట పైకి తీసుకెళ్లడం కూడా తన పనేనని వాడికి ఎవరూ చెప్పరు.

ఈ అలవాటు వెనక చరిత్ర ఉంది. పౌరశాస్త్రం అనే సబ్జెక్టు బ్రిటిష్ పాలనలో వచ్చింది. ప్రజల్లో ప్రభుత్వం మీద అవిధేయత పెరుగుతున్న కాలంలో విధేయత నేర్పడమే దాని లక్ష్యమని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూటిగా చెప్పింది. ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మారాయి, మన రాష్ట్రాల పుస్తకాలూ మారాయి. పంచాయతీ ఆఫీసుకి వెళ్లి రండి, సర్పంచిని అడిగి రాయండి అని ప్రాజెక్టు పనులు ఇచ్చారు. పుస్తకం మారినంతగా క్లాసు మారలేదు. ప్రాజెక్టు గైడులో చూసి రాసేస్తారు. పరీక్షలో మిగిలేది బిట్లు: ప్రాథమిక హక్కులు ఎన్ని? ఆరు. ప్రాథమిక విధులు? పదకొండు. జవాబు రాసిన పిల్లకి మార్కు వస్తుంది, తనకి అందులో ఏ హక్కు ఎప్పుడు పనికొస్తుందో తెలియకుండానే పది పాసైపోతుంది. కార్పొరేట్ స్కూళ్లలో ఐతే సోషల్ పీరియడే మ్యాథ్స్‌కి పోతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. మన ఊళ్లలో ఎన్నికలు జరిగేది బడిలోనే. పిల్లలు కూర్చునే గదిలోనే బల్లలు జరిపి పోలింగ్ బూత్ పెడతారు. ఆ రోజు పిల్లలకి సెలవు. పోలింగ్ నడిపేది కూడా ఎక్కువగా టీచర్లే. 17-ఏ రిజిస్టర్‌లో ఓటరు సంతకం ఎందుకు తీసుకుంటారో, పోలింగ్ ముగిశాక 17-సి ఫారంలో పడిన ఓట్ల లెక్క రాసి ఏజెంట్ల చేతికి ఎందుకు ఇస్తారో ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చున్న సోషల్ టీచరుకి చేతివేళ్ల మీద ఉంటుంది. మర్నాడు అదే గదిలో ఆయన చెప్పే పాఠం మాత్రం 'లోక్‌సభ సభ్యుల సంఖ్య'. ఆ రాత్రి లెక్క సరిపోయేదాకా ఎంత టెన్షన్ పడ్డాడో అరగంట చెబితే పిల్లలకి జన్మంతా గుర్తుండే పాఠం అవుతుంది.

ఈలోగా ఇంటి దగ్గర ఇంకో పాఠం నడుస్తుంటుంది. పోలింగ్ ముందు రాత్రి పార్టీలవాళ్లు తలుపు తట్టి, ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో లెక్కపెట్టి, డబ్బు కవరు ఇచ్చి వెళ్తారు. పదేళ్ల పిల్ల అది చూస్తుంది. ఎదురింటికి ఎక్కువ ఇచ్చారని పెద్దవాళ్లు గొడవపడటం కూడా వింటుంది. జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు బడిలో ముగ్గుల పోటీ పెట్టి ప్రతిజ్ఞ చేయిస్తే ఈ పాఠం చెరిగిపోదు. కవరులో వచ్చిన డబ్బుని ఐదేళ్లలో ఉన్న రోజులతో భాగిస్తే రోజుకి ఎంత పడుతుందో లెక్కల క్లాసులో చేయించవచ్చు. ఊరికి వచ్చిన ఆర్థిక సంఘం నిధుల లెక్కను పక్కన పెట్టి చూపించవచ్చు. ఏ పార్టీ పేరూ ఎత్తక్కర్లేదు.

పార్టీల పేరెత్తగానే టీచర్లు వెనకడుగు వేస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. పంచాయతీ గురించి మాట్లాడితే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, బదిలీ దాకా పోవచ్చు. అందుకే దీన్ని ఒక్క టీచరు ధైర్యానికి వదిలేయకూడదు. విద్యాశాఖ పీరియడ్లు కేటాయించి, ఇది మీ ఉద్యోగంలో భాగమే అని రాతపూర్వకంగా చెప్పాలి.

చట్టంలో దారులు ఇప్పటికే ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 21, 22 సెక్షన్ల ప్రకారం ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి, అది బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఆ కమిటీలోకి బడి పిల్లల్ని కూడా తీసుకునే వీలుంది. ఆ ప్రణాళిక రాసేటప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టండి. ఉన్న డబ్బుతో ముందు ఫ్యాన్లా, బాత్రూము తలుపులా అని వాళ్లు వాదించుకోనివ్వండి. ఓడిపోయిన గుంపు ఒప్పుకోవడం కూడా అక్కడే నేర్చుకుంటుంది.

గ్రామసభ ఇంకో దారి. ఓటర్లే సభ్యులు కాబట్టి పిల్లలకి ఓటు ఉండదు. వెనక వరసలో కూర్చుని వినడానికి ఏ అడ్డూ పెట్టనక్కర్లేదు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. శుక్రవారం. తొమ్మిదో తరగతి పిల్లల్ని వరసగా నడిపించుకుని తీసుకెళ్లడానికి అంతకన్నా మంచి రోజు ఉంటుందా? తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టమైతే రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలంటోంది. అక్కడికెళ్తే పుస్తకంలో లేనివి కూడా పిల్లలు చూస్తారు. సర్పంచిగా గెలిచిన ఆవిడ పక్కన కూర్చుంటే భర్త మాట్లాడటం చూస్తారు. 50 శాతం రిజర్వేషన్ గురించి ఆడపిల్లలు అడగాల్సిన ప్రశ్న అప్పుడే పుడుతుంది.

పిల్లలకి నిజమైన అధికారం ఇస్తే ఏమవుతుందో రాజస్థాన్‌లోని తిలోనియా చూపించింది. పగలు మేకలు కాసే పిల్లల కోసం అక్కడి బేర్‌ఫుట్ కాలేజీ రాత్రిబడులు నడిపింది. ఆ పిల్లలు ఓటేసి తమ పార్లమెంటుని ఎన్నుకున్నారు. అందులో ప్రధాని, మంత్రులు ఉన్నారు. వాళ్లు బడులకి వెళ్లి పంతులు సరిగా వస్తున్నాడా, దీపం వెలుగుతోందా అని చూసేవారు. లోపాలుంటే సంస్థలో పెద్దవాళ్లు జవాబు చెప్పాల్సి వచ్చేది. పదవి పేరు ప్రధానే అయినా పని మాత్రం నీళ్లు, దీపాలు, హాజరు గురించే.

మన కలెక్టరేట్లలో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. ఈసారి స్వపరిపాలన దినోత్సవాన్ని అలా జరిపిస్తే బాగుంటుంది. ఒక్క పిల్ల కలెక్టర్, మిగతా క్లాసంతా అర్జీదారులు. తమ బడిలో, తమ వీధిలో ఉన్న నిజమైన సమస్య ఒకటి తేదీ వేసి, ఎవరికి రాస్తున్నారో తెలుసుకుని, తెల్లకాగితం మీద రాయాలి. కలెక్టర్ అయిన పిల్ల ఒక్కో అర్జీ చదివి, ఇది పంచాయతీదా, మండలానిదా, హెచ్‌ఎందా అని రాసి, రసీదు ఇవ్వాలి. సాయంత్రం ఆ అర్జీల్లో మూడింటిని ఎంచి నిజంగానే పంపాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. గడువు 30 రోజులు. ఆ 30 రోజులూ ఎస్పీఎల్ రోజూ ఉదయం అసెంబ్లీలో, ప్రతిజ్ఞ అయ్యాక, జవాబు వచ్చిందో లేదో చదివి వినిపించాలి.