హన్మకొండ ఎంపీ సీటు ఏమైనట్టు?

బీజేపీ ఎదుగుదల మీద టీవీల్లో ఎప్పుడు చర్చ పెట్టినా 1984లో గెలిచిన ఆ రెండు సీట్ల మాట రావాల్సిందే. ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది మన హన్మకొండ. మరి ఇప్పుడు హన్మకొండ ఎంపీ ఎవరు? ఎవరూ లేరు, ఆ నియోజకవర్గమే లేదు.

1977లోనూ 1980లోనూ ఇక్కడ గెలిచింది పీవీ నరసింహారావు. ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, 1984 నాటికి కేంద్రంలో పెద్ద మంత్రి. ఇందిర హత్య తర్వాత దేశమంతా సానుభూతి గాలి వీచి కాంగ్రెస్‌కు 400 పైగా సీట్లొచ్చాయి, గ్వాలియర్‌లో వాజ్‌పేయి అంతటాయనే ఓడిపోయారు. ఆ గాలిలో కూడా చందుపట్ల జంగారెడ్డి చేతిలో పీవీ 50 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడారు. దీన్ని ఒక్క కమలం ఖాతాలో వేస్తే సగం కథే చెప్పినట్టు. జంగారెడ్డి అప్పటికే ఎమ్మెల్యేగా చేసిన స్థానికుడు, అది నిజమే. కానీ ఆ ఆగస్టులోనే ఎన్టీఆర్‌ను గద్దె దించి, జనం తిరగబడితే సెప్టెంబర్‌లో మళ్లీ కూర్చోబెట్టారు కదా, కాంగ్రెస్ మీద ఆ కోపం డిసెంబర్‌కూ చల్లారలేదు. టీడీపీ 30 సీట్లు గెలిచింది, జంగారెడ్డికి దాని అండ ఉంది.

పీవీ మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నిలబడ్డారు కాబట్టి సభకు వెళ్లగలిగారు. హన్మకొండలో మాత్రం మళ్లీ పోటీ చేయలేదు, ప్రధాని అయ్యాక కూడా నంద్యాలకే వెళ్లారు. అలకో లెక్కో ఆయనకే తెలియాలి.

తర్వాత కమాలుద్దీన్ అహ్మద్, చాడ సురేశ్ రెడ్డి, 2004లో టీఆర్ఎస్ నుంచి వినోద్ కుమార్. 2008లో తెలంగాణ కోసం రాజీనామా చేసి ఉప ఎన్నికకు వెళ్తే ఆ పార్టీకి నాలుగు ఎంపీ సీట్లలో రెండే దక్కాయి, కరీంనగర్, హన్మకొండ. తమాషా ఏంటంటే, ఆ ఉప ఎన్నిక నాటికే నియోజకవర్గాల హద్దులు మార్చే పునర్విభజన ఉత్తర్వు అమల్లోకి వచ్చేసింది. అంటే కాగితం మీద రద్దయిపోయిన సీటుకు పాత హద్దులతో చివరిసారి ఓట్లేశారన్నమాట!

2001 జనాభా లెక్కలతో గీతలు మార్చినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో 42 సీట్లు 42గానే ఉన్నాయి. హన్మకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ పోయాయి, హైదరాబాద్ చుట్టూ మల్కాజిగిరి, చేవెళ్ల పుట్టాయి. జనం ఎటు పోతే సీటు అటు పోతుంది, తప్పు పట్టలేం. ఇప్పుడు మళ్లీ పునర్విభజన చేస్తే దక్షిణాదికి ఎన్ని సీట్లు తగ్గుతాయన్న టెన్షన్ న్యాయమైనదే కానీ, ఒక్క సీటూ తగ్గకుండానే ఊళ్లు ఎలా చెల్లాచెదురవుతాయో ఎవరూ మాట్లాడరేం?

పీవీ సొంతూరు వంగరనే చూడండి. 2021లో హన్మకొండ పేరుతో జిల్లా వచ్చింది, వంగర అందులోనే ఉంది. అక్కడివాళ్లు కలెక్టర్‌ను కలవాలంటే హన్మకొండ వెళ్లాలి, ఓటు మాత్రం అసెంబ్లీకి హుస్నాబాద్‌లో, పార్లమెంటుకు కరీంనగర్‌లో లెక్కకొస్తుంది.