కౌంటర్ మీది మాటల డబ్బా గారికి

జగదాంబ జంక్షన్ బట్టల కొట్లోనూ, ఆర్కే బీచ్ మురీ మిక్చర్ బండి మీదా, మా మద్దిలపాలెం పాలబూత్‌లోనూ, ఫోన్‌తో డబ్బు కట్టగానే ఒకే గొంతుతో పలికే డబ్బా గారికి,

నమస్కారాలు. మీ గొంతుకు వంక పెట్టలేను. "పద్నాలుగు వందల తొంభై తొమ్మిది రూపాయలు అందాయి" అని మీరంటే, పోయినవి నావేనన్న సంగతి వెంటనే తట్టదు. ఎవరికో ఏదో మేలు జరిగినట్టుంటుంది. నా గొడవల్లా ఒకటే. ఎంత పోయిందో బజారంతా వినేలా చెబుతారు, ఎందుకు పోయిందో మాత్రం చెప్పరు.

మొన్న మంగళవారం సంగతే చూడండి. మీటింగులో పదిమంది ముందు మేనేజరు నన్ను కడిగేశాడు. నేను నోరెత్తలేదు. సాయంత్రం నేరుగా ఇంటికి పోవలసినవాణ్ణి, జగదాంబ దగ్గర బస్సు దిగిపోయి చొక్కా కొన్నాను. అట్ట కూడా తియ్యని చొక్కాలు బీరువాలో ఇంకా రెండున్నాయి. అయినా అద్దం ముందు దాన్ని ఒంటికి ఆనించి చూసుకుంటుంటే, మధ్యాహ్నం రాని జవాబులన్నీ వరసగా వచ్చేశాయి. మీరేమో 'అందాయి' అని ఊరుకున్నారు. ఫోన్‌లో అది 'షాపింగ్' అని పడింది. షాపింగ్ కాదండీ, అది కోపం.

మా అమ్మ పూర్ణా మార్కెట్‌కి వెళ్లే రోజుల్లో మీరు లేరు. డబ్బు కొంగు ముడిలో ఉండేది. ముడి విప్పాలి, మడతలు విప్పాలి, రెండు నోట్లు అంటుకున్నాయేమోనని వేళ్లతో రాసి చూడాలి. ఈలోగా సగం కోరికలు చల్లారేవి, మిగతా వాటికి బేరం మళ్లీ మొదలయ్యేది. "నోటు మారిస్తే నిలవదురా" అనేది. ఇదే ముక్క కోసం అమెరికాలో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు పెద్దమనుషులు బాస్కెట్‌బాల్ టికెట్లు వేలం పెట్టారు. నగదే ఇవ్వాలని విన్నవాళ్ల కంటే కార్డు గీకొచ్చని విన్నవాళ్లు రెట్టింపు పైనే పాడారు. 2001లో అచ్చయింది. మా అమ్మనడిగితే టికెట్ల ఖర్చు మిగిలేది.

దిగులు కోపం కంటే ఖరీదు. 2008లో వచ్చిన ఇంకో ప్రయోగంలో కొందరికి ఏడుపొచ్చే వీడియో చూపించి, నీళ్ల సీసాకి ఎంతిస్తారని అడిగారు. మామూలు వీడియో చూసినవాళ్లకన్నా దాదాపు నాలుగు రెట్లు ఇస్తామన్నారు. పైగా, వీడియోకీ దీనికీ సంబంధమే లేదన్నారు. నేనూ అంతే. మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్లిన రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డరిచ్చి, ఆకలేసిందనే చెప్పాను.

భయం లెక్క వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు పోయి, ఏటీఎంలు మూగబోయి, పాల ప్యాకెట్టు కోసం క్యూ కట్టాం. అప్పటికి యూపీఐ పుట్టనే లేదు, 2016లో వచ్చింది. ఆ రోజులు ఇంకా ఒంట్లోంచి పోలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెబితే చాలు, నేను కొవ్వొత్తులు కొంటాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కొవ్వొత్తులు నాలుగు డజన్లున్నాయి.

భక్తి మాట కూడా అనాలి, అప్పన్న క్షమించుగాక. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో స్వామి చందనం ఒలిపించుకుని, ఏడాదికి ఆ ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు. మా నిజరూపం కూడా ఆ రోజే, నగల కొట్టు క్యూలో బయటపడుతుంది. పక్కింటివాళ్లు రెండు గ్రాములు కొన్నారని తెలిశాక మేం ఒక గ్రాముతో ఎలా తిరిగొస్తాం?

కాబట్టి నా మనవి. ఇకమీదట "పద్నాలుగు వందల తొంభై తొమ్మిది రూపాయలు, మేనేజరు మీద కోపం, అందాయి" అనండి. "రెండు వందల నలభై, పక్కింటివాళ్ల మీద పోటీ, అందాయి" అనండి. క్యూలో వెనకున్నవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, వాళ్ల వంతు కూడా వస్తుంది.

నిజానికి మా ఇంట్లో ఒకరు ఈ పని ఏ బ్యాటరీ లేకుండానే చేస్తున్నారు. మంగళవారం గుమ్మంలో సంచి చూడగానే మా ఆవిడ అడిగింది: "ఏటండీ, ఆఫీసులో ఎవరితో గొడవ?"

ఇట్లు,
మీ స్వరానికి పాత చందాదారు

తా.క.: ఇకనుంచి ఏ ఖర్చు ఏ మూడ్‌లో చేశానో రాసుకుందామని నిన్న డాబాగార్డెన్స్‌లో తోలు అట్ట డైరీ, మంచి పెన్ను కొన్నాను. ఆరు వందల ఇరవై. మీరు గట్టిగానే చెప్పారు. ఇంటికెళ్లాక మా ఆవిడ డైరీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి, పశ్చాత్తాపమా?" అంది.